చెప్పి తప్పిన మాట

దేవుడి పటాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టినప్పుడే వాసవాంబకు మనసొప్పలేదు. ముందు రాత్రి అదే కుర్చీలో కూర్చుని అమర్ కోడి ముక్కలు నమిలాడు. మునిరాజు పటానికి దండ వేసి, దీపం వెలిగించి, ఇక మొదలుపెట్టండి అన్నట్టు అందరి మొహాలూ చూశాడు.

చిక్కబళ్ళాపురం దాటినాక ద్రాక్షతోటల మధ్య ఉన్న బంగళా అది. చౌటగుంటపల్లి పంచాయితీలో సభ్యులు తొమ్మిదిమంది. సోమవారం అధ్యక్షుడి ఎన్నిక, ఓటు వేసేది ఈ సభ్యులే. పోటీలో ఉన్న అంబికతో కలిపి అవతలి వైపు నలుగురు. మునిరాజు, అతని చిన్నాయన కొడుకు అమర్, సుజాతమ్మ, మునిశామప్ప, వాసవాంబ, ఈ అయిదుగురూ ఒక్కటిగా నిలిస్తే మునిరాజు అధ్యక్షుడు. ఒక్కరు జారితే కాడు. అందుకని గురువారమే అందర్నీ వ్యాన్ ఎక్కించి, సెల్‌ఫోన్లు స్టీలు డబ్బాలో వేయించి, రెండు రోజులు మేపి, శనివారం పొద్దున స్నానాలు చేసి రమ్మన్నాడు.

ఒక్కొక్కరే ధర్మస్థల మంజునాథస్వామి పటం మీద కుడిచెయ్యి పెట్టి, నా ఓటు మునిరాజుకే అని చెప్పాలి. చెప్పినవాళ్ళకు ఆకూ వక్కా, టెంకాయ, రవికెగుడ్డ పెట్టిన పళ్ళెం. ఆ ప్రాంతంలో ధర్మస్థల స్వామి మీద ప్రమాణం వేయించుకున్నాక మనిషికి కాపలా పెట్టాల్సిన పనిలేదు. ఎంత మొండివాడైనా ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి జంకుతాడు.

వాసవాంబ కూడా చెయ్యి పెట్టింది. ఆమెది బజారు వీధిలో కిరాణా అంగడి. ఆడవాళ్ళ సీటు వచ్చిందని మొగుడు నాగరాజ్ శెట్టి ఆమె చేత నామినేషన్ వేయించాడు. గెలిచాక సభలకు తానే పోయి కూర్చుందామనుకున్నాడు. మొదటి సభ రోజు ఆమె మంచి చీర కట్టుకుని, అన్నం మూతపెట్టి, తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి బయల్దేరింది. ఆ ఏర్పాటు అట్లాగే స్థిరపడిపోయింది. ఇప్పుడు మునిరాజు బజారు వీధికి మురికికాలువ వేయిస్తానన్నాడు. వానొస్తే అంగడి మెట్ల దాకా వచ్చే నీళ్ళను ఇరవయ్యేళ్ళుగా చీపురుతో తోస్తున్న మనిషికి ఆ ఒక్క మాట సరిపోయింది. బస్తా విప్పించి, పిడికెడు తీసి, వాసన చూసి, పంటి కింద వేసి గానీ కందిపప్పు దించుకోని మనిషి, స్వామి మీద చెయ్యి వేసేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

ప్రమాణం అయింది కాబట్టి ఇక దాచిపెట్టడమెందుకని మునిరాజు ఆదివారం పొద్దున్నే అందర్నీ ఊరికి బయల్దేరదీశాడు. పేరేసంద్ర దగ్గర టీకి ఆగినప్పుడు మొదటిసారి మనసు విప్పి మాట్లాడాడు. కుర్చీలో కూర్చున్న రోజే తన మొదటి పని, నీరుగంటి సీనప్పను పీకి పారేసి తన బావమరిదిని పెట్టడం అన్నాడు.

చౌటగుంటపల్లిలో నీళ్ళున్న బోర్లు రెండే. రెండూ పన్నెండు వందల అడుగుల లోతువి. ఏ రోజు ఏ వీధికి నీళ్ళు వదలాలో చూసి వాల్వులు తిప్పేది సీనప్ప. పోయిన ఏప్రిల్లో మునిరాజు టొమేటో తోటలో బోరు ఎండిపోయింది. దిన్నె వీధి వంతు వచ్చిన రోజున ఆ నీళ్ళు తన తోటకు మళ్ళించమని సీనప్పను అడిగాడట. సీనప్ప మళ్ళించలేదట. ఈ సంగతి వాసవాంబకు అప్పటిదాకా తెలియదు. సీనప్ప ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు.

“జనం తాగేదానికి పెట్టిన నీళ్ళప్పా ఇవి అని నాకే బుద్ధి చెప్తాడు వాడు. తాళంచెవి మనోడి చేతిలో ఉంటే చాలు, ఇంగ అడిగే పనే లేదు,” అన్నాడు మునిరాజు.

అమర్ నవ్వాడు. సుజాతమ్మ టీ ఊదుకుంటూ ఉండిపోయింది. మునిశామప్పది దిన్నె వీధే. ఆయన గ్లాసు నోటి దగ్గరే పట్టుకుని హైవే మీద పోయే లారీలను చూస్తూ నిలబడ్డాడు. వారానికి ఆరు రోజులు ఆయనా ఆయన కోడలూ కూలికి పోయేది మునిరాజు తోటకే.

వాసవాంబ సగం టీ పారబోసి వ్యాన్ ఎక్కింది. దారి పొడుగునా తన కుడిచేతినే చూసుకుంది. దిన్నె వీధిలో అరవై ఇళ్ళు. ఎండాకాలంలో వాళ్ళకు వారానికి రెండు రోజులే నీళ్ళు, ఆ రెండు రోజులే బిందెలు నిండుతాయి. ఆ రెండు రోజుల్ని టొమేటోలకు పోయడానికి తాను స్వామిని సాక్షిగా పెట్టి వచ్చింది.

ఇంటికి రాగానే నాగరాజ్‌కు అంతా చెప్పింది. ఆయన లోకజ్ఞానం ఉన్న మనిషి. త్రాసు తుడుస్తూనే తీర్పు చెప్పేశాడు. ఓటు చీటీ మీద ఎవరి పేరూ ఉండదు. లోపల అంబికకు ముద్ర వెయ్యి, బయటికి వచ్చి ఊరికే ఉండు. మునిరాజు ఓడిపోతాడు, సీనప్ప మిగులుతాడు, అంగడికి గీత పడదు. స్వామి సంగతా, ఒకసారి ధర్మస్థలకు పోయి దండం పెట్టుకుని వద్దాం.

వినడానికి బాగానే ఉంది. వాసవాంబ ఒక గంటసేపు హాయిగా కూడా ఉంది. తలకు నూనె రాసుకుంది. ఆ తరువాత మునిశామప్ప వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

మనవళ్ళకు బొరుగులు కావాలన్నాడు గానీ, ఆయన వచ్చింది అందుకు కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. పొట్లం కట్టి ఇచ్చినా కదలలేదు. అటూ ఇటూ చూసి, పొద్దున వ్యాన్ దిగీ దిగగానే అమర్ తన ఇంటికి వచ్చాడని చెప్పాడు.

“ఒక్క చీటీ తప్పినా నీదే అనుకుంటామన్న్యాడమ్మా. నాది కాదని నేను ఎట్ల చూపిచ్చేది? చీటీ మీద పేరుండదు గదా. మీరు గట్టిగా ఉండండమ్మా, నాకు అదే చాలు.”

ఇందాక మొగుడు ధీమాగా చెప్పిన మాటే. ఈ మనిషి నోట అదే మాట వణుకుతూ వచ్చింది. ఆయన వెళ్ళిపోయాక వాసవాంబ గల్లా ముందు కూర్చుని, వచ్చినవాళ్ళు ఉప్పడిగితే చక్కెర ఇచ్చింది. తాను చాటుగా వేసే చీటీ మునిరాజును దించుతుంది, నిజమే. దించి పోయి మునిశామప్ప నెత్తిన పడుతుంది. తన తప్పుకు కూలి ఆయన చెల్లిస్తాడు. అట్లాగని ప్రమాణం నిలబెట్టుకుంటే అరవై ఇళ్ళ బిందెలు. ఎటు తిప్పినా ఎవరో ఒకరు మునుగుతారు, తాను మాత్రం తడవకుండా గట్టున ఉంటుంది. అదే ఆమెకు గిట్టలేదు.

లోపల కూతురు నయన పరీక్షకు చదువుతోంది. బాగేపల్లిలో బీఏ రెండో సంవత్సరం. రాజనీతి పాఠాన్ని పైకే చదవడం దానికి అలవాటు. ఒక మనిషి తన అంతరాత్మకు ఒప్పని శాసనాన్ని దాటవచ్చునా అన్నది ప్రశ్న. విషం తాగమంటే పారిపోయే దారి తెరిచి ఉన్నా పారిపోకుండా తాగిన గ్రీసు ముసలాయన గురించి చదివింది. ఉప్పు చేతిలో పట్టుకుని, ఇదిగో నేనే చేశాను, జైలుకు తీసుకుపొండి అన్నవాళ్ళ గురించి చదివింది. దాటేవాడు అందరూ చూస్తుండగా దాటాలి, వచ్చే శిక్షను తన మీదే వేసుకోవాలి, అప్పుడే దాన్ని మనస్సాక్షి అంటారు, చాటుగా దాటితే అది వట్టి తప్పించుకోవడం అని చదివి, పెన్నుతో కింద గీత గీసింది.

గడపలో నిలబడి విన్న వాసవాంబ, ఆ జవాబుకు ఎన్ని మార్కులని అడిగింది. ఎనిమిది అంది నయన.

“ఇంత కష్టమైనదానికి ఎనిమిదేనా?” అంది తల్లి. నయనకు నవ్వొచ్చింది.

వాసవాంబ నవ్వలేదు. ఆమెకు చింతామణిలో వాళ్ళ నాయన గుర్తొచ్చాడు. వాసవాంబ చెల్లెలి పెళ్ళికి తాంబూలాలు మార్చుకున్నాక, పెళ్ళికొడుక్కి ఇంకెక్కడో సంసారం ఉందని ఆయనకు తెలిసింది. అందరూ జాతకం కలవలేదని కబురు పంపితే పోతుందన్నారు. ఆయన వినలేదు. ఆకూ వక్కా పెట్టిన పళ్ళెం పట్టుకుని మిట్టమధ్యాహ్నం బాగేపల్లి బజారులో నడిచి, ఆ ఇంటి అరుగు మీద పదిమంది ఉండగా పళ్ళెం పెట్టి, మాట తప్పుతున్నాను, తప్పేది నేనే, ఇంకెవర్నీ అడగొద్దు అని చెప్పి వచ్చాడు. వాళ్ళ కులంలో అది పద్ధతి. ఇచ్చిన మాట తిప్పుకోవాలంటే పుచ్చుకున్న తాంబూలం పుచ్చుకున్న చేతులతోనే తిరిగి ఇవ్వాలి, ఆ పని జరగకముందే ఇవ్వాలి. ఇట్లా ఇచ్చినవాణ్ణి మాట తప్పాడంటారు గానీ మోసం చేశాడనరు. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా మీదే వాళ్ళ వ్యాపారం నిలబడి ఉంది.

ఆమె ఆ సంగతి చెప్పగానే నాగరాజ్ తల పట్టుకున్నాడు. ముందే చెబితే మునిరాజు చేతులు కట్టుకుని కూర్చుంటాడా, పొద్దు మునిగేలోగా అంబిక వైపు నుంచి ఒకణ్ణి లాగేస్తాడు, అప్పుడు నీ నిజమూ పోయె, సీనప్పా పోయె అన్నాడు. పైగా మునిరాజు వాళ్ళవి నలభై ఇళ్ళు. ఒక్కరూ ఇక ఈ మెట్టు ఎక్కరు.

రెండోదానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ నలభై ఇళ్ళవాళ్ళూ ఉప్పుకూ చింతపండుకూ మిట్టేమరి దాకా పోతే, రెండు వారాలు పోతారు. మూడో వారం పెట్రోలు గుర్తొస్తుంది. మొదటిదే ముల్లులా ఉంది. వంట చేస్తూ దాన్నే కలియబెట్టింది. సాంబారు దించేసరికి తేలింది.

“ముందు చెప్పాల అనే గదా ఉండేది. ఎంత ముందు అని మా నాయన చెప్పలే,” అంది.

నాగరాజ్ కంచం ముందుకు లాక్కుని, వడ్డించమన్నాడు.

సోమవారం పదకొండుకు ఎన్నిక. పదకొండు కొట్టగానే సభ్యులందరూ లోపలికి పోవాలి, ఫోన్లు బయట ఇవ్వాలి, ఓట్లు లెక్కపెట్టేదాకా గది తలుపు తీయరు. పది నిమిషాలు తక్కువ పదకొండుకు వాసవాంబ పంచాయితీ ఆవరణలోకి వచ్చింది. చేతిలో పళ్ళెం. రేకుల నీడలో వంద మంది దాకా జనం. మునిరాజు తెల్లచొక్కాతో వాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. పళ్ళెం పట్టుకుని తన వైపే వస్తున్న ఆమెను చూసి, గెలవబోయేవాడికి ముందే మంగళకరంగా తెచ్చింది కాబోలు అనుకున్నాడు. మొహమంతా నవ్వు చేసుకుని రెండు చేతులూ చాచి పళ్ళెం అందుకున్నాడు. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

“ఇది మొన్న నువ్వు నాకిచ్చిన తాంబూలమేనప్పా మునిరాజూ,” అంది వాసవాంబ. “ఆకులు వాడిపోయినాయని కొత్తవి పెట్టినా. టెంకాయ, రవికెగుడ్డ నువ్విచ్చినవే. నా ఓటు నీకు లేదు. తప్పేది నేను. ఇంగెవర్నీ అడగొద్దు.”

చప్పట్లు ఆగిపోయాయి. మునిరాజు చేతుల్లో పళ్ళెం అట్లాగే ఉంది. కింద పెట్టడానికి చోటు లేదు, ఇంకొకరికి ఇవ్వడానికి మనసు రాలేదు.

“స్వామి మీద చెయ్యి వేసినావు వాసవక్కా.”

“వేసినా. శుక్రవారం ధర్మస్థలకు పోయి తప్పుకాణిక వేస్తా. స్వామికి నేను జవాబు చెప్పుకుంటా. నీకు చెప్పాల్సింది ఇప్పుడు చెప్పినా.”

“యాల ఇట్ల చేస్తాండావు? మీ వీధికి కాలువ వేయిస్తానంటి గదా.”

“సీనప్పను తీసేస్తానన్నావు. ఆ మాట పటం ముందర చెప్పింటే నేను చెయ్యి వేసేదాన్ని కాదు. నేనూ అడగలే. అడగకుండా వేసిన చెయ్యి, అది నా తప్పు. ఆ తప్పుకు దిన్నె వీధి నీళ్ళు పోసేది నాకు చేతగాదు.”

ఆ మాట దిన్నె వీధి వాళ్ళు కూడా విన్నారు. అప్పటిదాకా సీనప్ప సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు. ఆడవాళ్ళ మధ్య గుసగుస లేచింది. మునిశామప్ప తలెత్తి వాసవాంబను చూశాడు, మళ్ళీ దించుకున్నాడు. అమర్ అంబిక వైపు మనిషినొకణ్ణి భుజం పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు గానీ, అవతలివాడు చెవి ఒగ్గేలోగానే లోపల గంట మోగింది. ఎన్నికల అధికారి తాలూకా నుంచి వచ్చిన మనిషి. గడియారాన్ని తప్ప దేన్నీ పట్టించుకునేవాడు కాదు.

అరగంటలో ఓట్ల లెక్క తేలింది. అంబికకు ఆరు. మునిరాజుకు మూడు.

అయిదు, నాలుగు అని ఎదురుచూస్తున్న వాసవాంబ ఆ అంకె వినగానే వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది. తాను నోరు విప్పింది మునిశామప్ప మీద మాట పడకూడదని. ఇప్పుడు రెండో చీటీ ఒకటి తప్పింది, దాని గురించి నోరు విప్పినవాళ్ళు లేరు. మునిరాజు కళ్ళు సుజాతమ్మను దాటి, అమర్‌ను దాటి, నేరుగా పోయి మునిశామప్ప మీద ఆగాయి. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మేజాబల్ల వంక చూస్తున్నాడు. తప్పు చేసినవాడు అట్లాగే కూర్చుంటాడు, భయపడ్డవాడూ అట్లాగే కూర్చుంటాడు. రెండింటిలో ఏదో వాసవాంబకు తెలియలేదు.

మర్నాడు పొద్దున అంగడి తీసి నీళ్ళు చల్లుతుండగా మునిరాజు బండి వచ్చి ఆగింది. ఒక్కడే వచ్చాడు. నాగరాజ్ లేచి స్టూలు వేశాడు. అతను కూర్చోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నిన్న నువ్వు నా మొగం మీద చెప్పినావు,” అన్నాడు. “కడుపు మండింది. కానీ చెప్పినావు. ఇంగొకరు చెప్పకుండా చేసినారు. అది మునిశామప్ప కాదని నువ్వొక్క మాట చెప్పు, నమ్మి పోతా.”

ఒక్క మాట. కాదు అంటే అయిపోతుంది. అతని వెనక నిలబడి నాగరాజ్ చెప్పెయ్యి, చెప్పెయ్యి అని తల ఊపుతున్నాడు. ఆమె మాట తప్పిన మర్నాడే, ఆ మాట ఎవరికి తప్పిందో ఆ మనిషే వచ్చి, నీ మాట నమ్ముతానంటున్నాడు. ఆ నమ్మకాన్ని ఒక అబద్ధానికి వాడుకుంటే ముసలాయన బతికిపోతాడు. కానీ ఆమెకు తెలియదు. నిజంగా తెలియదు.

“నాకు తెలీదప్పా,” అంది. “తెలీనిదాన్ని తెలుసని చెప్తే, నిన్న చెప్పింది గూడా బూటకమైపోతుంది.”

మునిరాజు మొహం గట్టిపడింది. తనకు కావలసింది దొరికినట్టు తల ఊపి బండి వైపు తిరిగాడు.

“నిలబడు. తెలిసింది గూడా విని పో,” అంది ఆమె. “నిన్నూ నన్నూ తీసేస్తే ఆ పటం మీద చెయ్యేసినోళ్ళు ముగ్గురు. సుజాతమ్మ, అమరు, మునిశామప్ప. ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. నీకు ఆ ముసలాయన ఒక్కడే యాల కనపడతాండాడు? ఆయన తప్పినాడని కాదప్పా. నీ చెయ్యి ఆయన మీదనే ఆడుతుందని.”

“అమర్ నా చిన్నాయన కొడుకు.”

“అందుకే నిన్న వాడి మొగం నువ్వు చూడలే.”

మునిరాజు బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎదురింటి ముందు ఎవరో ముగ్గు వేస్తూ చెయ్యి ఆపి వింటున్నారు. బజారు వీధిలో ఆ పూట ఎవరికీ ఇంట్లో పని ఉన్నట్టు లేదు. అతను నేల చూస్తూ చెప్పాడు, తోటకు ఇంక రావద్దని తెల్లవారుజామునే మునిశామప్పకు అమర్‌తో చెప్పి పంపానని. కోడల్ని కూడా రావద్దన్నానని.

“ఇప్పుడు రమ్మని ఎవరితో చెప్పి పంపిస్తావు?” అంది వాసవాంబ.

అతను బండి ఎక్కి కిక్కు కొట్టాడు. వాసవాంబ చెంబు పట్టుకునే మెట్టు దిగి వీధిలోకి వచ్చి నిలబడింది. బజారు చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే మునిరాజు ఇల్లు, తోట. కుడికి పోతే ఎగుడు, పైన దిన్నె వీధి. చీలిక దగ్గర పాల ఆటో అడ్డం ఉంటే అతను కాలు ఆనించి ఆగాడు. ఆటో పోయింది. అయినా అతను కాసేపు ఆగే ఉన్నాడు. నాగరాజ్ కూడా త్రాసు వదిలేసి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

బండి కుడికి తిరిగింది. ఎగుడు ఎక్కలేక మొదట్లో ఒకసారి మూలిగింది. మునిరాజు గేరు మార్చాడు.